ఇంగ్లీషు మోడల్ క్రియల వాడుక: తెలుగు సేవకులకు కొన్ని సూచనలు

దైవశాస్త్ర కళాశాలలో చేరే తెలుగు విద్యార్థికి ఇంగ్లీషు కొత్త కాదు. బడిలోనూ, ఇంటర్మీడియట్‌లోనూ చదివే ఉంటాడు. అయినా వ్యాఖ్యాన గ్రంథం తెరిచినప్పుడు, బిషప్ గారి కార్యాలయానికి ఉత్తరం వ్రాయవలసి వచ్చినప్పుడు, విదేశీ ప్రసంగీకునికి తర్జుమా చేయడానికి మైకు ముందు నిలబడినప్పుడు అతనిని ఇబ్బంది పెట్టేవి పెద్ద పెద్ద మాటలు కావు. పెద్ద మాటలకు నిఘంటువు ఉన్నది. కెన్, కుడ్, మే, మైట్, మస్ట్, షల్, షుడ్, విల్, వుడ్ అనే తొమ్మిది చిన్న మాటలే అసలు చిక్కు. వీటికి నిఘంటువు చూస్తే ఒక్కొక్క దానికి నాలుగైదు అర్థాలు కనబడతాయి. ఏది ఎక్కడ పనికి వస్తుందో మాత్రం తేలదు.

వ్యాకరణంలో వీటిని మోడల్ సహాయక క్రియలు అంటారు. క్రియ ఒక పనిని చెబుతుంది. మోడల్ క్రియ ఆ పని గురించి మాట్లాడేవాని వైఖరిని చెబుతుంది. అది చేతనవుతుందా, అనుమతి ఉన్నదా, విధి ఉన్నదా, ఊహ మాత్రమేనా, మాట ఇస్తున్నాడా అనే సంగతులన్నీ దీని మీదనే ఆధారపడి ఉంటాయి. ఈ పనిని తెలుగు భాష క్రియ చివర చేర్చే మాటలతో చేస్తుంది. గలను, లేను, వచ్చు, వలెను లేక ఆలి, కూడదు, అక్కర లేదు, గాక అనేవి మన మోడల్ క్రియలే అనుకోవచ్చు. కొంతకాలం రాజమండ్రిలో ఉద్యోగం చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1840లోను, మచిలీపట్నంలో మిషనరీగా ఉన్న ఆర్డెన్ 1873లోను తమవారి కోసం తెలుగు వ్యాకరణాలు ప్రకటించినప్పుడు ఈ మాటలన్నిటినీ ఇంగ్లీషువారికి విప్పి చెప్పవలసి వచ్చింది. మనం ఇప్పుడు అదే దారిలో ఎదురు నడుస్తున్నాము.

రూపానికి సంబంధించిన నియమాలు కొద్దిపాటివే గనుక ముందే చెప్పి వదిలివేస్తాను. మోడల్ క్రియకు ఎస్ చేరదు. హి కెన్స్ అనేది లేదు. దాని తరువాత టు రాదు. మస్ట్ టు గో తప్పు, మస్ట్ గో ఒప్పు. ఆట్ మాత్రం టు లేకుండా నిలువదు. రెండు మోడల్ క్రియలు ప్రక్కప్రక్కన ఉండవు. ‘చేయగలుగుతాడు’ అన్న మన మాటను చూచి హి విల్ కెన్ డూ అని వ్రాసేవారున్నారు. హి విల్ బి ఏబుల్ టు డూ అని వ్రాయాలి.

ఒక్క ‘వచ్చు’లో ఎన్ని అర్థాలు

‘నీవు ఇంటికి వెళ్ళవచ్చు’ అని ఉపాధ్యాయుడు అంటే అది అనుమతి. ‘సాయంత్రం వాన పడవచ్చు’ అంటే ఊహ. ‘మా అబ్బాయికి ఈత వచ్చు’ అంటే నేర్పు. మొదటి రెండిటికీ ఇంగ్లీషులో మే సరిపోతుంది. మూడవదానికి కెన్ కావాలి: మై సన్ కెన్ స్విమ్. అనుమతికి ఇప్పటి వాడుకలో కెన్ కూడా విరివిగా వినబడుతుంది. యు కెన్ గో అన్నా, యు మే గో అన్నా వెళ్ళమనే. రెండవదానిలో అనుమతి ఇచ్చేవారి హోదా కొంచెం వినబడుతుంది, అంతే. అయితే వాన సంగతికి ఇట్ కెన్ రెయిన్ దిస్ ఈవినింగ్ అనరు. మే లేక మైట్ అనాలి. అక్కడ కెన్ వాడితే ‘అలా జరగడం కద్దు’ అనే సాధారణ సత్యమవుతుంది. ఇట్ కెన్ రెయిన్ హెవిలీ ఇన్ అక్టోబర్ అంటే అక్టోబరులో గట్టి వానలు పడడం ఉన్నదని మాత్రమే. ఈ సాయంత్రం గురించి అది ఏమీ చెప్పదు.

వ్యతిరేకార్థంలో తెలుగే స్పష్టంగా ఉంటుందని నా అభిప్రాయం. ‘అతడు రాకపోవచ్చు’, ‘అతడు రాకూడదు’ అన్న రెండు మాటలనూ తెలుగువాడెవడూ కలిపివేయడు. ఇంగ్లీషులో హి మే నాట్ కమ్ అన్న ఒక్క వాక్యమే ఈ రెండిటికీ వస్తుంది. సంఘ నియమావళిలో సభ్యులు కానివారు ఓటు వేయరాదని చెప్పదలచి మే నాట్ ఓట్ అని వ్రాస్తే, వారు ఓటు వేయకపోవచ్చునులే అని చదువుకొనే చమత్కారి దొరకకపోడు. నిషేధం చెప్పాలంటే మస్ట్ నాట్ లేక షల్ నాట్ అనండి. ఊహ చెప్పాలంటే మైట్ నాట్ అనండి. మే నాట్ అనే మాటను నియమాలలో వాడకపోవడమే మేలు.

ఇక ‘రాదు’ సంగతి. ‘ఈత రాదు’ అంటే కెనాట్ స్విమ్. ‘పొగ త్రాగరాదు’ అంటే మస్ట్ నాట్ స్మోక్. ‘కాసేపు కూర్చోరాదూ!’ అని మన గోదావరి ఇళ్ళలో పెద్దవారు చివర దీర్ఘం తీసి అంటే, అది నిషేధం కాదు, ఆహ్వానం. ఇంగ్లీషులో దానిని వోంట్ యు సిట్ డౌన్ ఫర్ ఎ వైల్ అంటారు. మాటకు మాట పెట్టి తర్జుమా చేయడం ఎందుకు కుదరదో ఈ ఒక్క ఉదాహరణే చెబుతుంది.

‘రాను’, ‘రాలేను’ అనే జంటను కూడా చూడండి. ఆహ్వానానికి బదులుగా ‘రాను’ అనడం తెలుగులోనే పెళుసు, ‘రాలేనండి’ అంటాము. ఇంగ్లీషులోనూ ఇదే మర్యాద వర్తిస్తుంది. ఐ విల్ నాట్ కమ్ అంటే రావడం నాకు ఇష్టం లేదన్న ధ్వని వస్తుంది. ఐ కెనాట్ కమ్, లేక ఇంకా మెత్తగా ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ వోంట్ బి ఏబుల్ టు కమ్ అనాలి.

నిశ్చయంలోని మెట్లను మన ప్రాంతం నుండే గ్రహించవచ్చు. ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరిక నాడు లంకవాసి ‘నీరు రావచ్చు’ అంటాడు. ది వాటర్ మే కమ్. ఇంకా నమ్మకం తక్కువగా ‘వస్తుందేమో’ అంటే మైట్ కమ్. ఎగువన భద్రాచలం లెక్క తెలిసిన తరువాత ‘రాత్రికి వస్తుంది’ అంటాడు, విల్ కమ్. మరునాడు లంకలోనివారు ఫోను ఎత్తకపోతే, ఏటిగట్టు మీద ఉన్న బంధువు ‘నీరు ఇళ్ళలోకి వచ్చే ఉండాలి’ అంటాడు. మస్ట్ హావ్ కమ్. ఇళ్ళు ఖాళీ చేయాలని అధికారులు చెప్పేది కూడా మస్ట్‌తోనే. యు మస్ట్ లీవ్. ఒకే మస్ట్ ఒకచోట ఊహ, ఒకచోట ఆజ్ఞ. ఊహను చెప్పే మస్ట్‌కు వ్యతిరేకం మస్ట్ నాట్ కాదు, కెనాట్. ‘అతడు దొంగ అయి ఉండడు’ అనడానికి హి కెనాట్ బి ది థీఫ్ అంటారు. హి మస్ట్ నాట్ బి ఎ థీఫ్ అంటే అతడు దొంగగా ఉండకూడదనే హితవు అవుతుంది.

‘ఆలి’ దగ్గర వచ్చే చిక్కు

‘వచ్చు’ కంటె ‘ఆలి’ మనలను ఎక్కువ తప్పుదారి పట్టిస్తుంది. ‘నీవు వెళ్ళాలి’ అన్న ఒక్క మాటకు ఇంగ్లీషులో యు మస్ట్ గో, యు హావ్ టు గో, యు షుడ్ గో, యు ఆట్ టు గో అని నాలుగు ఉన్నాయి. మస్ట్‌లో చెప్పేవాని అధికారం లేక గట్టి పట్టుదల ఉంటుంది. హావ్ టులో బయటి పరిస్థితి బలవంతం చేస్తుంది. రైలు ఐదింటికే గనుక ఐ హావ్ టు లీవ్ నౌ. షుడ్‌లో సలహా ఉన్నది, వినకపోతే శిక్ష లేదు. ఆట్ టులో మంచిచెడ్డల స్పృహ కొంత హెచ్చు. తెలుగులో ఈ తేడాను గొంతుతోనో, ‘తప్పక’, ‘మంచిది’ వంటి మాటలతోనో చూపిస్తాము గాని క్రియతో చూపించము. అందుచేత మనవారు సలహా చెప్పదలచుకొన్నా, ఆజ్ఞ ఇవ్వదలచుకొన్నా మస్ట్ అనే వ్రాస్తారు. యౌవనస్థులకు వ్రాసే ప్రతి వాక్యమూ మస్ట్‌తో నిండిపోతే చదివేవానికి అది సైనిక శిబిరంలా తోస్తుంది.

వ్యతిరేకంలో మళ్ళీ తెలుగుది పైచేయి. ‘వెళ్ళకూడదు’ అంటే మస్ట్ నాట్. ‘వెళ్ళనక్కర లేదు’ అంటే నీడ్ నాట్ లేక డోంట్ హావ్ టు. యు మస్ట్ నాట్ ఫాస్ట్ అని వైద్యుడు చక్కెర వ్యాధిగ్రస్తునితో అంటే ఉపవాసం ఉండకూడదని. యు డోంట్ హావ్ టు ఫాస్ట్ అని సంఘకాపరి ముసలివారితో అంటే ఉండనవసరం లేదు, ఉంటే మీ ఇష్టమని. తెలుగులో ఆలోచించి, ఏ మాట వస్తుందో చూచి, తరువాత ఇంగ్లీషుకు వెళ్ళండి. ఇక్కడ మాతృభాష మనకు అడ్డు రాదు, దారి చూపిస్తుంది.

భూతకాలానికి వచ్చేసరికి ఇంకొంత జాగ్రత్త అవసరం. విధి అనే అర్థంలో మస్ట్‌కు భూతకాలం లేదు. ‘వెళ్ళాల్సి వచ్చింది’ అంటే హాడ్ టు గో; వెళ్ళాడు కూడా. ‘వెళ్ళాల్సింది’ అంటే షుడ్ హావ్ గాన్, కాని వెళ్ళలేదు. ‘వెళ్ళి ఉండాలి’ అంటే మస్ట్ హావ్ గాన్. వెళ్ళాడని మన నమ్మకం. రావులపాలెం మార్కెట్టులో అరటి గెలలు ఎత్తుకొని రాత్రి ఒరిస్సా వైపు బయలుదేరిన లారీ గురించి వ్యాపారి ‘ఈపాటికి తుని దాటి ఉండాలి’ అంటే మస్ట్ హావ్ క్రాస్డ్. ‘ఈపాటికి తుని దాటాల్సింది, ఇంకా అన్నవరంలోనే ఉన్నాడు’ అంటే షుడ్ హావ్ క్రాస్డ్. ‘టైరు పేలి అన్నవరంలో ఆగాల్సి వచ్చింది’ అంటే హాడ్ టు స్టాప్. మూడు తెలుగు రూపాలు వేరువేరుగానే ఉన్నాయి, మూడింటిలోనూ ‘ఆలి’ ధ్వనిస్తుంది గనుక మూడింటికీ మస్ట్ పెట్టడమే పొరపాటు.

ఇది వ్యాకరణ పరీక్షతో పోయే సంగతి కాదు. మా కోనసీమ సంఘాలలో పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన కుటుంబాలు అనేకం. అక్కడ పుట్టిన మనవలకు తెలుగు అంతంత మాత్రం. తాతగారు పోయిన ఇంటికి వారు వస్తే సంఘకాపరి ఇంగ్లీషులోనే ఆదరించవలసి వస్తుంది. ‘మీరు అప్పటికే ఆసుపత్రికి తీసికొని వెళ్ళి ఉంటారు’ అని ఆదరణగా అనబోయి యు షుడ్ హావ్ టేకెన్ హిమ్ టు ద హాస్పిటల్ అంటే, ‘తీసికొని వెళ్ళాల్సింది, మీరు తీసికొని వెళ్ళలేదు’ అన్న నింద వారి నెత్తిన పడుతుంది. మస్ట్ హావ్ టేకెన్ అనవలసిన చోటు అది. యు కుడ్ హావ్ టేకెన్ అన్నా నిందే. మనం ‘చెప్పొచ్చుగా!’ అని దెప్పినట్లు ఉంటుంది. దుఃఖంలో ఉన్నవారితో కుడ్ హావ్, షుడ్ హావ్ అనే రెండు జంటలనూ ఎంత తక్కువ వాడితే అంత మంచిది.

‘అండి’ లేని భాష

ఇంగ్లీషులో ‘అండి’ లేదు, ‘గారు’ లేదు, ‘మీరు’కూ ‘నువ్వు’కూ భేదం లేదు. మరి మర్యాద ఎక్కడ పెడతారు? చాలావరకు మోడల్ క్రియలలో పెడతారు. వుడ్, కుడ్ అనేవి వారి ‘అండి’ అనుకొంటే సగం సమస్య తీరిపోతుంది. గివ్ మీ ద బుక్ అంటే ‘పుస్తకం ఇవ్వు’. కెన్ యు గివ్ మీ ద బుక్ అంటే ‘పుస్తకం ఇస్తావా’. కుడ్ యు, వుడ్ యు అంటే ‘కాస్త ఆ పుస్తకం ఇస్తారా అండి’. ఇక్కడ కుడ్, వుడ్ చూచి భూతకాలం అనుకోరాదు. కాలంలో ఒక అడుగు వెనుకకు వేసినట్లు మాట్లాడి, ఎదుటివానికి కాదనే చోటు వదలడం వారి పద్ధతి.

తెలుగులో మనం ప్రేమకొద్దీ ‘మీరు తప్పకుండా రావాలండి’ అంటాము. ఆ ‘అండి’ని విడిచిపెట్టి యు మస్ట్ కమ్ టు అవర్ కన్వెన్షన్ అని పరిచయం లేని విదేశీ అతిథికి వ్రాస్తే, ఉత్తరం సమనులా ఉంటుంది. చనువున్న స్నేహితుల మధ్య యు మస్ట్ కమ్ అన్నది ఇంగ్లీషులోనూ ఆప్యాయంగానే వినిపిస్తుంది, కాదనను. క్రొత్తవారికి, పెద్దవారికి మాత్రం వి వుడ్ బి హ్యాపీ ఇఫ్ యు కుడ్ కమ్ అని వ్రాయడం క్షేమం.

దీనికి విపర్యయం కూడా ఉన్నది. మన ఆహ్వాన పత్రికలలో ‘విచ్చేసి ఆశీర్వదించగలరు’, కార్యాలయ ప్రకటనలలో ‘సకాలంలో హాజరు కాగలరు’ అని వ్రాస్తాము. ఈ ‘గలరు’లో సామర్థ్యం ఏమీ లేదు, అది మర్యాదగా చెప్పిన కోరిక, ఒక్కొక్కప్పుడు మర్యాద ముసుగులో ఉన్న ఆజ్ఞ. దీనిని యు కెన్ అటెండ్ ఆన్ టైమ్ అని తర్జుమా చేస్తే వేళకు రావడం మీ చేతనవుతుందని పొగడినట్లుంటుంది. ప్లీజ్ అటెండ్ అంటే చాలు.

మరొక సంగతి: ఇతరుల మాటను చెప్పేటప్పుడు మనకు ‘అని’ ఉన్నది. ‘రేపు వస్తాను అని అన్నాడు’ అంటాము. అతని మాట అతని నోట ఉన్నట్లే ఉంటుంది. ఇంగ్లీషులో అన్నాడు అని భూతకాలంలో చెప్పగానే లోపలి విల్ సాధారణంగా వుడ్ అవుతుంది, కెన్ కుడ్ అవుతుంది, మే మైట్ అవుతుంది: హి సెడ్ హి వుడ్ కమ్. సంఘ కమిటీ మినిట్స్ వ్రాసే కార్యదర్శులకు ఈ ఒక్క నియమం తెలిస్తే పుస్తకం సగం బాగుపడుతుంది.

వివాహ చట్టంలో షల్, మే

ఉత్తరంలో తప్పు వ్రాస్తే నవ్వి ఊరుకుంటారు. చట్టాన్ని తప్పుగా చదివితే అలా కాదు. మనలో ప్రతి సంఘకాపరికీ తప్పని చట్టం 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం. అది పూర్తిగా షల్, మే అనే రెండు స్తంభాల మీద నిలిచి ఉన్నది.

నాలుగవ సెక్షను వధూవరులలో ఒకరైనా క్రైస్తవులైతే ఆ వివాహం తరువాతి నిబంధనల ప్రకారమే జరగాలని షల్‌తో చెబుతుంది. వేరుగా జరిగితే చెల్లదని కూడా షల్‌తోనే చెబుతుంది. చట్టపు భాషలో ఈ షల్ భవిష్యత్తును తెలిపేది కాదు. ‘జరుగును’ అని కాక ‘జరుగవలెను’ అని చదవాలి. ఐదవ సెక్షనుకు వచ్చేసరికి వివాహం ఎవరెవరు జరిపించవచ్చునో మేతో ఉన్నది. బిషప్పుల ద్వారా అభిషేకం పొందినవారు, స్కాట్లండ్ సంఘపు పాదిరులు, ఈ చట్టం క్రింద లైసెన్సు పొందిన సేవకులు, వివాహ రిజిస్ట్రారు, భారతీయ క్రైస్తవుల వివాహాలకు సర్టిఫికెట్టు ఇచ్చే లైసెన్సు ఉన్నవారు అని అయిదు తెగలవారు అందులో ఉన్నారు. ఇక్కడ మే అని ఉన్నది గనుక ‘వీరు చేయవచ్చు, కావాలంటే ఇంకొకరూ చేయవచ్చు’ అని వాదించేవారిని విన్నాను. అది మే అనే మాటను ఒంటరిగా పట్టుకొని చదవడం వలన వచ్చిన వాదన. ఈ మే అధికారాన్ని ఇస్తుంది. ఎవరికి ఇచ్చిందో వారికే ఇచ్చింది. నాలుగవ సెక్షనులోని షల్ దానికి గట్టు కట్టింది. రెండూ కలిపి చదివితే ఈ అయిదుగురు తప్ప వేరెవరూ చేయరాదని తేలుతుంది.

ఆరవ సెక్షనులో మరొక రకం మే ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వం సేవకులకు లైసెన్సు ఇవ్వవచ్చు, రద్దు చేయవచ్చు. ఇది విచక్షణ. దరఖాస్తు పెట్టిన మాత్రాన లైసెన్సు చేతికి వచ్చినట్లు కాదు, అది రాకముందే పెళ్ళిళ్ళకు తేదీలు ఇవ్వకూడదు.

పదవ సెక్షను వేళను గురించినది. వివాహం ఉదయం ఆరు గంటలకు, సాయంత్రం ఏడు గంటలకు మధ్య జరగాలి. అక్కడా షల్ ఉన్నది. ప్రత్యేక లైసెన్సు ఉన్న సందర్భాలకు, రోమన్ కతోలిక పద్ధతికి, స్కాట్లండ్ సంఘానికి చట్టమే మినహాయింపులు చెప్పింది. మిగిలిన మనకు మినహాయింపు లేదు. మన వైపు పెళ్ళి అంటే వియ్యాలవారి బస్సు ఆలస్యం, ఫోటోలు ఆలస్యం, పెద్దల ప్రసంగాలు ఆలస్యం. ఏడున్నరకు ప్రమాణాలు చేయించి, రిజిస్టరులో ఆరున్నర అని వేయడం ఎంత ప్రమాదమో షల్ అన్న మాట బరువు తెలిసినవారికి అర్థమవుతుంది. తెలిసి, కావాలని ఆ వేళలు దాటి వివాహం జరిపించినా, ఇద్దరు విశ్వసనీయులైన సాక్షులు లేకుండా జరిపించినా శిక్ష ఉన్నదని అరువది తొమ్మిదవ సెక్షను చెబుతుంది. అధికారం లేకుండా జరిపించినవానికి అరువది ఎనిమిదవ సెక్షను ఇంకా పెద్ద శిక్ష చెబుతుంది.

ఈ శిక్షా వాక్యాల నిర్మాణాన్ని గమనించండి. ఒకే వాక్యంలో షల్ ఒకటి, మే ఒకటి ఉంటాయి. నేరం రుజువైతే శిక్షింపబడవలెను అనేది షల్. కారాగారవాసం మూడేళ్ళ వరకు, లేక అరువది ఎనిమిదవ సెక్షనులో పదేళ్ళ వరకు ఉండవచ్చు అనేది మే. శిక్ష ఉండడం న్యాయమూర్తి ఇష్టం కాదు. ఎంత కాలం అనేది, ఆ హద్దుకు లోబడి, ఆయన విచక్షణ. ఇక్కడి మేను ‘శిక్ష పడవచ్చు, పడకపోవచ్చు’ అని చదివితే వాక్యం తలక్రిందులవుతుంది.

ఇంత చెప్పిన తరువాత, షల్ అంటే ఎల్లప్పుడూ తప్పనిసరి అనీ, మే అంటే ఎల్లప్పుడూ ఐచ్ఛికమనీ సూత్రం కట్టుకొనేవారికి ఒక హెచ్చరిక. భారత రాజ్యాంగపు 320వ అధికరణంలో ఉద్యోగుల క్రమశిక్షణ విషయాలలో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలని షల్‌తోనే ఉన్నది. అయినా మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు 1957లో, సంప్రదించనంత మాత్రాన ప్రభుత్వ ఉత్తర్వు చెల్లకుండా పోదని తీర్పు చెప్పింది. ఇంగ్లండులో 1880 నాటి జూలియస్ కేసు మనకు ఇంకా దగ్గరిది. ఒక రెక్టరు ఆరాధనలో అనుచితమైన ఆచారాలు తెచ్చాడని సంఘస్థుడొకరు ఆక్స్‌ఫర్డ్ బిషప్పుకు ఫిర్యాదు చేశాడు. బిషప్పు విచారణకు ఒప్పుకోలేదు. 1840 నాటి సంఘ క్రమశిక్షణ చట్టంలో బిషప్పు విచారణ సంఘాన్ని నియమించడం ‘చట్టబద్ధమై ఉండవలెను’ అన్న అర్థంలో షల్ ఉన్నది గనుక ఆయన నియమించి తీరాలని ఫిర్యాదుదారుని వాదం. హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. ఆ మాటలు బిషప్పుకు అధికారాన్ని ఇస్తున్నాయే గాని, వాటంతట అవి ఆయనను బలవంతపెట్టడం లేదని తేల్చింది. షల్ ఏ మాటతో జతపడిందో చూడకుండా దాని బరువు తూచలేమని దీనివలన గ్రహించాలి. సందేహం ఉన్న చోట న్యాయవాదిని అడగండి. వ్యాకరణం తెలిస్తే ఆయనను ఏమి అడగాలో తెలుస్తుంది.

పాత ఇంగ్లీషు బైబిలులో

1611 నాటి కింగ్ జేమ్స్ తర్జుమాను, దాని మీద ఆధారపడిన వ్యాఖ్యానాలను మన విద్యార్థులు ఇంకా చదువుతూనే ఉన్నారు. అందులోని మోడల్ క్రియలు నేటివి కావు. షల్, విల్ లకు పురుషను బట్టి అర్థం మారుతుందనే సూత్రాన్ని జాన్ వాలిస్ 1653లో తన వ్యాకరణంలో వ్రాశాడు. నేను, మేము అన్నప్పుడు షల్ కేవలం భవిష్యత్తు, విల్ సంకల్పం లేక వాగ్దానం. నీవు, అతడు అన్నప్పుడు ఇది తారుమారు. ఆ సూత్రం ఆ తర్జుమాకు తరువాతిది గనుక దానితో ప్రతి వచనాన్నీ కొలవకూడదు. నేటి వాడుకలోనూ ఆ భేదం దాదాపు లేదు. ఇప్పుడు భవిష్యత్తుకు అంతటా విల్ వాడతారు. షల్ ఐ ఓపెన్ ద విండో వంటి ప్రశ్నలలోను, చట్టాలలోను, ఆజ్ఞలలోను షల్ మిగిలింది.

హెబ్రీ భాషలో ఒకే క్రియారూపం భవిష్యత్తునూ, ఆజ్ఞనూ తెలుపగలదు. పది ఆజ్ఞలలోని నిషేధాలు ఆ రూపంలోనివే. పొరుగువానిని ప్రేమించుమనే ఆజ్ఞ లేవీయకాండము 19:18లో వేరొక క్రియారూపంలో ఉన్నా అదే పని చేస్తుంది. మత్తయి 22:39 గ్రీకులో భవిష్యత్కాల క్రియగా ఉన్నది. ఇంగ్లీషువారికి షల్ దొరికింది. అది కూడా రెండు వైపులా మొగ్గేదే గనుక వారు నిర్ణయించుకోకుండానే దాటిపోగలిగారు. తెలుగు తర్జుమాదారులకు ఆ వీలు లేదు. ప్రవచనమైతే ‘జరుగును’ అనాలి, ఆజ్ఞ అయితే ‘వలెను’, ‘కూడదు’ అనాలి. వారు ప్రతి చోటా ఆగి తేల్చుకొన్నారు. ప్రసంగానికి సిద్ధపడేటప్పుడు షల్ దగ్గర అనుమానం వస్తే ముందు మన తెలుగు బైబిలు తెరవమని విద్యార్థులకు నేను చెబుతాను.

విల్ దగ్గర మరొక గుంట ఉన్నది. యోహాను 5:40లో కింగ్ జేమ్స్ విల్ నాట్ అన్నది. అది భవిష్యత్తు కాదు. గ్రీకులో ‘థెలో’, అనగా ఇష్టపడు అనే ప్రధాన క్రియ అక్కడ ఉన్నది. ‘రారు’ అని కాదు, ‘రానొల్లరు’ అని భావం. మత్తయి 8:2లో కుష్ఠరోగి మాటలోని విల్ కూడా ఇదే. ఆ ప్రక్కనే వచ్చే కెన్ సామర్థ్యం. ఇష్టం, శక్తి అనే రెండూ ఒకే వాక్యంలో వేరువేరుగా నిలిచాయి. ఇష్టాన్ని భవిష్యత్తుగా చదివితే ఆ మనుష్యుని మాటలోని అసలు ప్రశ్నే పోతుంది.

అన్నిటికంటె ఎక్కువ హాని చేసేది మైట్. యోహాను 3:17, 10:10, 20:31 వచనాలలో కింగ్ జేమ్స్ తర్జుమా మైట్ వాడింది. నేటి ఇంగ్లీషు మాత్రమే తెలిసిన విద్యార్థి దానిని ‘ఏమో’ అని చదువుతాడు; రక్షణ కలగవచ్చు, కలగకపోవచ్చు అని. అక్కడ సందేహం లేనే లేదు. గ్రీకులో ‘హినా’ అనే అవ్యయం ఉద్దేశ్యాన్ని తెలుపుతుంది. దానికి ఇంగ్లీషులో దట్‌తో కలిసి మైట్ వచ్చింది. తెలుగులో ‘నట్లు’, ‘కొరకు’, ‘టకు’ అనేవి దాని సరియైన సమానార్థకాలు. నిశ్చయతను గురించిన ప్రసంగం ఒకటి ఈ మైట్ మీద సందేహంగా మారిపోవడం నేను విన్నాను. ప్రసంగీకుడు భక్తిలో ఏమాత్రం తక్కువవాడు కాడు.

‘ఆలి’ గురించి ముందు చెప్పిన చిక్కు ఇక్కడా ఉన్నది. యోహాను 3:7లోని మస్ట్ వెనుక ‘దేయి’ అనే గ్రీకు క్రియ ఉన్నది; అది తప్పని అవసరం, వేరే దారి లేదు అని. యోహాను 13:14లోని ఆట్ వెనుక ‘ఒఫైలో’ ఉన్నది. అది మొదట అప్పుపడి ఉండడాన్ని చెప్పే మాట. పాదాలు కడగడం అక్కడ ఒకరికొకరు తీర్చవలసిన బాకీ వంటిది. తెలుగులో రెండూ ‘వలె’ చుట్టూనే తిరుగుతాయి గనుక, మస్ట్, ఆట్ అనే భేదాన్ని ఇంగ్లీషులో చూడడం మనకు నిజంగా ఉపయోగకరం.

చివరగా తర్జుమా చేసేవారికి. విదేశీ ప్రసంగీకుడు ముగింపులో మే గాడ్ బ్లెస్ యు అంటే, ఆ మే అనుమతి కాదు, ఊహ కాదు. వాక్యం మొదటనే మే వచ్చి, ప్రశ్న కాకపోతే, అది ప్రార్థన. ‘దేవుడు మిమ్మును దీవించవచ్చు’ అని మైకులో చెప్పగా విన్నవారున్నారు. తెలుగులో దానికి ‘గాక’ అనే మాట సిద్ధంగా ఉన్నది: ‘దీవించును గాక’. గాడ్ విల్ బ్లెస్ యు అన్నప్పుడు మాత్రం ‘గాక’ పెట్టవద్దు; అది వాగ్దానం, ‘దీవిస్తాడు’ అనాలి. ఆయన వేగంగా మాట్లాడి మే అన్నాడో, విల్ అన్నాడో వినబడకపోతే, ఒక్క క్షణం ఆగి ఆయననే అడగండి. సభ ఆ మాత్రం ఆగుతుంది.